పాత డెస్క్‌టాప్‌కు ఏ భాగం మార్చాలి: తక్కువ డబ్బున్నప్పుడు నిర్ణయించుకునే పద్ధతి

కంప్యూటర్ నెమ్మదించిందనగానే చాలామంది మొదట ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. పని ఎక్కడ ఆగుతోందో తెలుసుకోకుండా విజయవాడ గవర్నర్‌పేటకో గుంటూరు బ్రాడీపేటకో బయలుదేరితే, దుకాణంలో ఉన్న సరుకే మన అవసరమైపోతుంది. అందువల్ల డబ్బు తీసే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవాలి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగాన్ని తెరిచి ఉంచి, అను ఫాంట్లతో పుస్తకం కంపోజ్ చేయడం గానీ, ట్యాలీలో మిర్చి కమీషన్ లెక్కలు రాయడం గానీ, రోజూ చేసే పనినే అరగంటసేపు చేస్తూ, యంత్రం బిగుసుకుపోయిన ప్రతిసారీ ఏ అంకె నూటికి చేరుతోందో గమనించాలి. ప్రాసెసర్ 20 శాతం దగ్గరే ఉండి డిస్క్ 100 దగ్గర నిలిచిపోతే లోపం హార్డ్ డిస్క్‌ది. అయితే అదే సమయంలో మెమరీ, అంటే ర్యామ్ కూడా 90 దాటి ఉంటే తొందరపడకూడదు. ర్యామ్ చాలక విండోస్ ఆ భారాన్ని డిస్క్ మీదకు నెడుతూ ఉండవచ్చు.

పరీక్షకు ముందే క్యాబినెట్ విప్పి దుమ్ము దులపడం, ప్రాసెసర్ వేడిని పైనున్న కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోతే మార్చడం మంచిది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీనికయ్యే ఖర్చు ఏపాటిది కాదు.

ఇంకా హార్డ్ డిస్క్ మీదే విండోస్ నడుస్తున్న యంత్రానికి మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీకే (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌కే) పెట్టాలన్నది నా అభిప్రాయం. హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద కావలసిన చోటును ముల్లు వెతికి పట్టుకోవడానికి సెకనులో దాదాపు నూరో వంతు పడుతుంది. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీకి ఆ నిరీక్షణ ఉండదు. సాటా కేబుల్‌తో తగిలించే ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదివితే, ఎన్‌వీఎంఈ రకం 3,000 కూడా దాటుతుంది గానీ, టైపింగు, బ్రౌజింగు, లెక్కల పనుల్లో ఆ తేడా అంతగా తెలియదు. కాబట్టి మదర్‌బోర్డులో ఎన్‌వీఎంఈ కూర్చునే ఎం.2 స్లాట్ లేదని దిగులు పడనక్కరలేదు.

ర్యామ్ విషయంలో ఇప్పుడు కాస్త ఆచితూచి అడుగు వేయాలి, ఎందుకంటే 2025 చివరి నుంచి ధరలు బాగా పెరిగాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తుంది. ఖాళీ ఉంటే ఉన్న ముక్కను తీసేయకుండా అదే రకం మరొకటి జత చేయవచ్చు. రెండూ కలిసి డ్యూయల్ ఛానల్‌లో (ఒకేసారి రెండు దారుల్లో) పనిచేస్తే, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రానికి అదనపు మేలు. స్టిక్కర్ మీద పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అని ఉంటే డీడీఆర్4. రెండింటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కనుక ఒకదాని చోట మరొకటి కూర్చోదు. సెకండ్ హ్యాండ్‌లో నేను ధైర్యంగా కొనమనేది ర్యామ్ ఒక్కటే, అదీ ర్యామ్ లోపాలు పట్టే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాంతో పరీక్షించి చూశాకే. వాడేసిన ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఎంత చౌకగా వచ్చినా వద్దు.

ప్రాసెసర్ మార్పు చెప్పినంత తేలిక కాదు. ఇంటెల్ ఆరో తరం హెచ్110 బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరూ, ఎనిమిదో తరం సాకెట్ పేరూ ఒకటే అయినా, ఆ బోర్డు ఎనిమిదో తరం ప్రాసెసర్‌ను నడపదు. అక్కడితో బోర్డు మార్చాలి, ఒక్కోసారి ర్యామ్ కూడా. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవారు మాత్రం అదృష్టవంతులు. 2017లో కొన్న బోర్డుల్లోనూ చాలావాటికి బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. కొనే ముందు బోర్డు తయారీదారు జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూసుకోవాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అర్హత ఉంది. అంతకన్నా పాత యంత్రానికి గ్రాఫిక్స్ కార్డూ కొత్త ర్యామూ వేయించడం పావలా కోడికి ముప్పావలా మసాలా. ఎస్‌ఎస్‌డీ మాత్రం రేపు కొత్త కంప్యూటర్‌లోకి మారిపోతుంది కాబట్టి దాని వరకు ఖర్చు చేయవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు ఆటలకూ, వీడియో ఎడిటింగుకూ, త్రీడీ పనికే. దానికి ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్‌ను దగ్గరగా చదవాలి: పైన 450 అని పెద్దగా రాసి ఉన్నా, 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లని ఉంటే ప్రాసెసర్‌కూ కార్డుకూ ప్రధానంగా అందేది 216 వాట్లే. అటువంటప్పుడు స్లాట్ నుంచే 75 వాట్ల లోపు తీసుకునే కార్డుతో సరిపెట్టుకోవాలి, లేదా ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చాలి.

ఏది కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి, వారంటీ కోసం వెళ్లినప్పుడు మొదట అడిగేది అదే.