రాబోయే పీసీ పుకార్లు చదవడం ఎలా? 4వ పాఠం: కోర్లను భాగించకండి

పోయిన పాఠం చివర ఒక పుకారు ఇచ్చాను. ఇంటెల్ తర్వాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్ నోవా లేక్‌లో 52 కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఉంటాయట. ఇప్పటి కోర్ అల్ట్రా 9 285కెలో ఉన్నవి 24. దీన్నిబట్టి ఏం తేలిందో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావాటిది ఒకటే లెక్క: 52ని 24తో భాగించడం, రెండింతలకు పైగా స్పీడ్ అని తేల్చేయడం. బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తమ్ముడు ఆ లెక్కనే నమ్మి, అక్కడి కంప్యూటర్ షాపుల వీధి ఎస్పీ రోడ్డులో బేరం కుదిరిన ప్రాసెసర్‌ను కూడా వదిలేసుకున్నాడట. అందుకే ఈసారి చెప్పాల్సిన ధరల పాఠాన్ని వెనక్కి జరిపాను. ఇది తేలకుండా ముందుకు వెళ్లి లాభం లేదు.

ముందు ఆ 52ని విడదీయండి. పుకారు ప్రకారమే అందులో పెద్ద కోర్లు 16, చిన్నవి 32, అతి తక్కువ కరెంటుతో నడిచేవి 4. 285కెలో పెద్దవి 8, చిన్నవి 16. మూడు రకాల కోర్లను ఒకే మొత్తంగా కలిపి, దాన్ని ఇంకో మొత్తంతో భాగిస్తే వచ్చేది స్పీడ్ ఎలా అవుతుంది?

బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ (బొమ్మను తయారు చేయడం), వీడియో ఎన్‌కోడింగ్, పెద్ద ప్రాజెక్ట్ కంపైల్ చేయడం లాంటి పనులు ముక్కలుగా విడిపోతాయి కాబట్టి కోర్లు పెరిగితే నిజంగానే లాభం. గేమ్ అలా విడిపోదు. పెళ్లి వంటలో కూరలు తరిగేవాళ్లు ముప్పైమంది ఉన్నా పాయసం దించాల్సినవాడు ఒక్కడే అయితే, పంక్తి వాడి కోసమే ఆగుతుంది. గేమ్‌లో ఆ ఒక్కడు మెయిన్ థ్రెడ్, అంటే మిగతా పనులు ఎదురుచూసే ప్రధాన పనుల వరుస.

రుజువు కావాలంటే 2024 నవంబర్‌లో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డి చూడండి. దానికి ఉన్నవి 8 కోర్లే. అయినా గేముల్లో 24 కోర్ల 285కెని దాటేసింది. కారణం 96 ఎంబీల ఎల్3 క్యాష్, అంటే చిప్ లోపలి మెమరీ: కావలసిన డేటా చిప్‌లోనే దొరుకుతుంటే, ర్యామ్ కోసం ఎదురుచూడటం తగ్గుతుంది. థ్రెడ్ల లెక్కా ఇంతే. ఇంటెల్ ముందు తరం 14900కెలో 32 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉండేవి. ఒక్కో పెద్ద కోర్‌పై రెండు థ్రెడ్లు నడిపే హైపర్‌థ్రెడింగ్‌ను ఇంటెల్ తీసేయడంతో 285కెలో 24 అయ్యాయి. అయినా రెండరింగ్‌లో 285కె వెనకబడలేదు.

గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ ఉచ్చు ఇంకా లోతు. 2020 సెప్టెంబర్ 1కి ముందు లీకుల్లో ఎన్‌విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 3090కి 5,248 కుడా కోర్లు (ఎన్‌విడియా తన గ్రాఫిక్స్ కోర్లకు పెట్టిన పేరు) అని ఉండేది. ఆ రోజు ఎన్‌విడియా ప్రకటించింది 10,496. లీకులో ఉన్న చిప్ అదే, 82 ఎస్ఎంల (కోర్ల గుంపుల) చిప్. ఒక్కో ఎస్ఎంలో కోర్లను 64 బదులు 128గా లెక్కించే డిజైన్ వచ్చిందని మాత్రం బయటికి పొక్కలేదు. మరి ముందు తరంలోని 4,352 కోర్ల 2080 టీఐతో పోలిస్తే కోర్లు 2.4 రెట్లయ్యాయి కదా, గేముల్లో స్పీడ్ అంత పెరిగిందా? 4కె రిజల్యూషన్‌లో సుమారు ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగింది.

దయచేసి ఇకపై కోర్లను భాగించి నాకు పంపకండి. ఒకే తరం, ఒకే రకం కోర్లయితేనే ఆ పోలికకు కాస్త అర్థం ఉంటుంది.

పుకారులో నేను మొదట వెతికేవి మూడే: సాకెట్ (మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు), మెమరీ బస్ (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి వెడల్పు, బిట్లలో), వాట్లు. బోర్డులు, కూలర్లు చేసేవాళ్లకు ఇవి ముందే తెలియాలి కాబట్టి త్వరగా ఖరారవుతాయి. క్లాక్ స్పీడ్, ధర చివరిదాకా మారుతూనే ఉంటాయి, వాటిని నేను పట్టించుకోను. నోవా లేక్‌కి ఎల్‌జీఏ 1954 అనే కొత్త సాకెట్ అంటున్నారు. అదే నిజమైతే మదర్‌బోర్డు ఖర్చు కూడా కలపాలి. ఏఎండీ ఇప్పటి సాకెట్ ఏఎం5కి 2027లోనూ ఆ తర్వాతా సపోర్ట్ ఉంటుందని ఆ కంపెనీయే స్వయంగా చెప్పింది. ఆ తమ్ముడికి నా సలహా: పని ఇప్పుడు ఆగిపోతుంటే ఏఎం5 బోర్డు తీసుకో, ప్రాసెసర్ తర్వాత మార్చుకోవచ్చు.

మెమరీ బస్‌తో గ్రాఫిక్స్ కార్డు పుకారును ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక్కో మెమరీ చిప్‌కి 32 బిట్లు కావాలి. 192 బిట్ల బస్ అంటే 6 చిప్‌లు. 2 జీబీ చిప్‌లైతే 12 జీబీ, ఆర్‌టీఎక్స్ 5070లో ఉన్నది అదే. 3 జీబీ చిప్‌లు వేస్తే 18. కార్డు రెండు వైపులా చిప్‌లు పెడితే రెట్టింపు. కాబట్టి 192 బిట్లు, 16 జీబీ అని కలిపి రాసిన వార్త కనిపిస్తే అక్కడే అనుమానించండి.

అభ్యాసం. ఇంకా విడుదల కాని కార్డుల పుకార్లు ఐదు తీసుకోండి. ప్రతిదానికీ బస్, జీబీ కుదురుతున్నాయో లేదో లెక్క కట్టండి. 384 బిట్లకు 18 జీబీ అంటే ఏమంటారో విడిగా రాయండి. తర్వాత ఎస్పీ రోడ్డులో మూడు షాపుల్లో ఇప్పటి 12 జీబీ, 16 జీబీ కార్డుల ధరలు జీఎస్టీతో కలిపి అడిగి రాసుకోండి, వచ్చే పాఠం ఆ ధరలతోనే మొదలవుతుంది. లెక్క చూపించని జవాబులు దిద్దను.