తుంటి ఆపరేషన్ తర్వాత కాలు మడత పడటం లేదా?

లక్షణం: ఆపరేషనై నాలుగు వారాలైంది. మొన్నటిదాకా మంచం అంచున కూర్చున్న మనిషి ఇప్పుడు చెప్పులు తొడుక్కోవడానికి వంగలేకపోతున్నారు. తుంటి చుట్టూ వాపు, వెచ్చదనం.

ముందు చీమునీ, కాలి సిరలో రక్తం గడ్డకట్టడాన్నీ అనుమానించాలి. అవీ ఇలాగే మొదలవుతాయి. పిక్క వాచినా, కుట్ల దగ్గర కారుతున్నా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే చూపించండి. ఊపిరాడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే.

అవి కాదని తేలితే తర్వాత అనుమానించాల్సిన కారణం: దెబ్బతిన్న కండరంలో ఎముక పెరగడం, డాక్టర్ల మాటలో హెటెరోటోపిక్ ఆసిఫికేషన్. ఎక్స్‌రేలో సాధారణంగా 3 నుంచి 6 వారాలకు గానీ కనబడదు. రెండో వారం ఫిల్మ్ బాగుందని ధీమా పడకండి. ఎముక ఎంత పెరిగిందో 1 నుంచి 4 దాకా చెప్పే కొలత బ్రూకర్ గ్రేడ్. 1, 2 చాలామందిని ఇబ్బంది పెట్టవు; 3, 4 అయితే కీలు బిగుస్తుంది.

తుంటి గిన్నె (తొడ ఎముక తల కూర్చునే గుంట) విరిగి వెనకనుంచి కోసి ప్లేట్లు వేసినవారికి, తలకూ గాయమైనవారికి, ఇదివరకు ఇలా పెరిగినవారికి ముప్పు ఎక్కువ. బాత్రూంలో జారిపడి తొడ ఎముక మెడ విరిగిన పెద్దవారందరికీ నివారణ మాత్ర అక్కర్లేదు.

నివారణకు గడువు చిన్నది. వాపు తగ్గించే మాత్ర ఇండోమెథాసిన్ 25 మి.గ్రా. రోజుకు 3 సార్లు, తిన్నాక, గిన్నె విరిగినవారికి తరచు 6 వారాలు. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే మొదలుపెడతారు. కడుపుకు రక్షణగా పాంటోప్రజోల్ జత చేస్తారు. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నా, రక్తం పలచబరిచే మందు వాడుతున్నా ముందే చెప్పండి. చెన్నై మే ఎండల్లో నీళ్లు తాగకుండా ఈ మాత్ర వేసుకుంటే కిడ్నీకి భారం. అసలు విరుగు అతకడాన్నీ ఇది ఆలస్యం చేయగలదు కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనేది కాదు. మాత్ర పడనివారికి ఒక్కసారి 7 నుంచి 8 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇవ్వవచ్చు: ఆపరేషన్‌కు ముందు 24 గంటల్లో, లేదా తర్వాత 72 గంటల్లో. ఆ యంత్రం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు, అందుకే ఆపరేషన్‌కు ముందే అడగాలి.

చెన్నైలో చుట్టాలు మొదట చెప్పేది పుత్తూరు కట్టు, నూనె మర్దన. ఆపరేషనైన తుంటిని బలవంతంగా లాగితే కండరం మళ్లీ చిరుగుతుంది, వాపు ముదురుతుంది. ఫిజియోథెరపీలోనూ కాలిని మనిషే మెల్లగా కదపాలి, ఇంకొకరు గుంజకూడదు.

ఇప్పటికే పెరిగిపోయిందా? మాత్ర దాన్ని కరిగించదు. గట్టిపడేదాకా ఆగాలి, తరచు 6 నెలలు, ఒక్కోసారి ఏడాది పైన. వరుస ఎక్స్‌రేల్లో అంచులు స్పష్టపడి, పెరుగుదల ఆగాక, కూర్చోవడమే కష్టమైతే తీసేస్తారు. తీశాక మళ్లీ మాత్రో రేడియేషనో తప్పదు, లేదంటే తిరిగి పెరగవచ్చు.