చివరి మాట దేనిది? బైబిలు తరగతిలో ‘ప్రమాణాలు’ నేర్పే పద్ధతి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు బైబిలు తరగతి పెడితే ఒకే చాప మీద లూథరన్లు, బాప్టిస్టులు, కతోలికులు, పెంతెకొస్తువాళ్లు కూర్చోవచ్చు. “ఇది బైబిల్లో ఉందా?” అన్న దగ్గర మాట పెరుగుతుంది. బైబిలు దేవుని వాక్యం కాదనేవాళ్లు అక్కడ ఒక్కరూ ఉండరు. తగాదా అంతా చివరి మాట దేనిదన్న చోటే. గంటన్నర సమయం, పది పన్నెండు మంది, ఒక నల్లబల్ల ఉంటే దీన్ని నేర్పవచ్చు.

ముందు మాట సరిచూసుకోండి. అథారిటీని “అధికారం” అంటే వినేవాళ్లకు పాస్టరుగారి పెత్తనం గుర్తొస్తుంది. “ప్రమాణం” అనండి: ఒక బోధ సరైనదని దేన్నిబట్టి తేలుస్తామో అది. ఒట్టునీ ప్రమాణమే అంటాం, ఆరాధనలో చదివేదీ “విశ్వాస ప్రమాణ”మే. ఈ మూడింటినీ మొదటి ఐదు నిమిషాల్లోనే విడదీయకపోతే చివరిదాకా గందరగోళమే.

బల్ల మీద నాలుగు గడులు గీయండి: లేఖనం, సంప్రదాయం, యుక్తి (బుద్ధితో ఆలోచించి తేల్చడం), అనుభవం. దీన్ని వెస్లీ చతుష్టయం అంటారు గానీ ఆ పేరు మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ పెట్టింది కాదు, 20వ శతాబ్దంలో ఆల్బర్ట్ ఔట్లర్ అనే వేదాంత పండితుడు పెట్టింది. మన దేశంలో బిషప్ ఎ.జె. అప్పసామి శ్రుతి (లేఖనం), యుక్తి, అనుభవం, సభ (సంఘం) అని చెప్పారు. మన చెవికి అవే దగ్గరగా ఉంటాయి.

మొదటి గడి నింపే ముందు అందరినీ విషయసూచిక తెరిచి పుస్తకాలు లెక్కపెట్టమనండి. ప్రొటెస్టెంటు బైబిల్లో 66, కతోలిక బైబిల్లో 73 వస్తాయి. కొత్త నిబంధన ఇద్దరికీ 27. తేడా పాత నిబంధనలోనే, 39కీ 46కీ మధ్య. ఈ ఏడు పుస్తకాలనూ “ట్రెంటు సభ (16వ శతాబ్దపు కతోలిక మహాసభ) కలిపింది” అని ఎవరో అంటారు, అక్కడే ఆపండి. అవి ఆది సంఘం చదివిన గ్రీకు పాత నిబంధనలోనే ఉన్నాయి. 1546లో ట్రెంటు చేసింది వాటిని అధికారికంగా ఖరారు చేయడం. ఇక కొత్త నిబంధన 27 పుస్తకాలూ సరిగ్గా అలాగే ఉన్న పట్టిక మనకు మొదట దొరికేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియుస్ రాసిన లేఖలో. ఈ పట్టికకే “కానన్” అని పేరు. పట్టికను గుర్తించింది సంఘమే కాబట్టి రెండో గడి దానంతటదే తెరుచుకుంటుంది.

ఇక్కడ తొందరపడకండి. మన వాడుక తెలుగు బైబిల్లో మార్కు 7:8 చదివించండి: “పారంపర్యాచారము”. తర్వాత 1 కొరింథీ 11:2: “కట్టడలు”. తర్వాత 2 థెస్సలొనీక 2:15: “విధులు”. గ్రీకులో మూడుచోట్లా ఒకటే మాట, పరదోసిస్, అంటే చేతికి అందించినది. యేసు గద్దించినదీ, పౌలు పట్టుకొమ్మన్నదీ ఆ ఒక్క మాటతోనే ఉన్నాయి. తెలుగు ఒక్కటే చదివేవాళ్లకు ఇది కనబడే దారి లేదు. అందుకే “సంప్రదాయం” అనగానే మొహం చిట్లిస్తారు. మూడు వచనాలనూ బల్ల మీద పక్కపక్కనే రాయండి. పది నిమిషాలు దీనికే పోయినా పరవాలేదు.

“లేఖనం మాత్రమే” అన్న ప్రొటెస్టెంటు సూత్రాన్ని “బైబిలు తప్ప ఇంకేమీ వద్దు” అని నేర్పడం పెద్ద పొరపాటు. లూథరన్లు నైసియా విశ్వాస ప్రమాణాన్నీ, తమ నమ్మకాలను చెప్పే 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలునూ పట్టుకునే ఉన్నారు. దీనికి సంతలో కిలో రాయిని చూపించండి. అది బియ్యాన్ని తూస్తుంది. కానీ దాన్ని సరిచూసే రాయి ఇంకొకటి ఉంటుంది, ఆ ముద్ర లేకపోతే అది చెల్లదు. లేఖనం సరిచూసే రాయి, విశ్వాస ప్రమాణం సరిచూడబడిన రాయి.

కతోలికుల లెక్క వేరు. లేఖనం, సంప్రదాయం రెండూ ఒకే ఊటనుంచి వస్తాయనీ, వాటికి అర్థం చెప్పే పని సంఘ బోధనాధికారానిదనీ (అంటే పోపు, బిషప్పులదనీ), అయితే అది వాక్యానికి పైన కాక వాక్యానికి సేవలోనే ఉంటుందనీ 1965లో రెండో వాటికన్ సభ చెప్పింది. పోపు ఏం మాట్లాడినా పొరపాటు ఉండదని వాళ్లు నమ్ముతారనుకోవడం తప్పు. పోపు పొరపాటు చేయరన్న దానికి 1870లో మొదటి వాటికన్ సభ ఇచ్చిన నిర్వచనం విశ్వాసం, నీతి విషయాల్లో సంఘమంతటికీ కట్టుబాటుగా చేసే ప్రకటనకే వర్తిస్తుంది. ఆ తర్వాత అలాంటి గంభీర ప్రకటన వచ్చింది ఒక్కసారే, 1950లో, మరియమ్మ పరలోకానికి ఎత్తబడటం గురించి.

యుక్తికి, అనుభవానికి చెరో ఐదు నిమిషాలు చాలు. “నాకు దర్శనం వచ్చింది” అన్నవాళ్లను నొప్పించకండి. దాన్ని నాలుగో గడిలో రాసి, మిగతా మూడు గడులు ఏమంటున్నాయో వాళ్లనే చూడమనండి.

చివరి అరగంట శిశు బాప్తిస్మానికి ఉంచండి. అపొస్తలుల కార్యములు 16:33లో చెరసాల నాయకుడి “ఇంటివారందరు” బాప్తిస్మం పొందారు. మార్కు 16:16లో నమ్మడం ముందు వస్తుంది. పసిపిల్లల పేరు రెండుచోట్లా లేదు. లేఖనం కాదనని పాత ఆచారాన్ని ఉంచుకోవచ్చంటారు లూథరన్లు. ఆజ్ఞో ఉదాహరణో చూపించాలంటారు బాప్టిస్టులు. ఎవరి పక్షం వాళ్లు వాదించకూడదు. లూథరన్ బాప్టిస్టు మాట చెప్పాలి, బాప్టిస్టు లూథరన్ మాట చెప్పాలి. అవతలివాళ్లు “అవును, మేం అనేది ఇదే” అన్నాకే బల్ల తుడవండి.