కత్తికి పదును – నాలుగో పాఠం: అంచున మిగిలిపోయే బర్

ఈ వారం మాంసాన్ని పలచగా కోయడం గురించి రాయాలనుకున్నాను. పోయిన పాఠం తర్వాత వచ్చిన ఫోన్లు, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు చూశాక దాన్ని వెనక్కి జరిపాను. దాదాపు అందరిదీ ఒకటే మాట: “సాన పట్టిన రోజు కాగితం సర్రున తెగింది. రెండు రోజులకే కత్తి టమాటా మీద జారిపోతోంది.”

చెన్నై అంబత్తూరులో ఉండే ఒక చెల్లెలైతే ఏడుపు గొంతుతో చెప్పింది. ఆదివారం పొద్దున్నే లేచి శ్రద్ధగా కత్తి నూరుకుంది. పచ్చడికని రెండు కిలోల బోన్‌లెస్ చికెన్ ముందేసుకుని కూర్చుంది. మొదటి అరకిలో వెన్నలా తెగింది. కిలో దాటేసరికి కత్తి కోయడం మానేసి నలపడం మొదలుపెట్టింది. “రాయి మంచిది కాదేమో అన్నా” అంది. ఆ రాయి నేను చూశాను, మంచిదే. కోణమూ సరిగ్గానే పట్టింది. ఇంకా ఐదు నిమిషాల పని ఉండగా లేచి వెళ్ళిపోయింది, అంతే. ఆ ఐదు నిమిషాల పని అంటే అంచున మిగిలిపోయే సన్నటి లోహపు రేకుని, అంటే బర్‌ని, తీసెయ్యడం. దాని గురించి పోయినసారి నేను ఒక్క వాక్యం రాసి వదిలేశాను. అందుకే ఈ పాఠం మొత్తం దానికే.

ముందుగా కత్తికీ రాయికీ మధ్య ఉండాల్సిన కోణం మీద ఒక్క మాట, ఇప్పటికీ అడుగుతున్నారు కాబట్టి. కోణమానిని అక్కర్లేదు. కత్తి అలుగు, అంటే పిడి కాకుండా కోసే భాగం, వెన్ను నుంచి అంచు దాకా ఎంత వెడల్పుందో చూడండి. అందులో మూడో వంతు ఎత్తుకి కత్తి వెన్నును రాయి మీద నుంచి లేపితే సుమారు 20 డిగ్రీలు. నాలుగో వంతు లేపితే 15కి దగ్గర. అలుగు నాలుగున్నర సెంటీమీటర్లుంటే వెన్ను ఒకటిన్నర సెంటీమీటర్లు లేవాలి. మన ఇళ్ళలో ఉండే మామూలు స్టెయిన్‌లెస్ కత్తులకు 20 చాలు. రాయిని నీళ్ళలో నానబెట్టడం, కింద తడిగుడ్డ పరచడం మీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. కత్తిని ఒక వైపే రాయి మీద రుద్దుతూ పోతే వాదర, అంటే తెగే అంచు, సన్నబడి సన్నబడి, ఒక దశలో అరగడానికి బదులు అవతలి వైపుకి వంగుతుంది. పూతరేకు అంచు వేలు తగలగానే ఎలా ఒరిగిపోతుందో అలా. ఆ వంగిన సన్నటి లోహాన్నే ఫిట్టర్లు, లేత్ పనివాళ్ళు బర్ అంటారు. ఇది రావడం తప్పు కాదు, రావాలి. బర్ రాలేదంటే మీ రాపిడి ఇంకా వాదర దాకా చేరలేదని అర్థం. మడమ (పిడి దగ్గరి కొస) నుంచి మొన దాకా అంచు పొడుగునా బర్ తగిలాకే కత్తి తిప్పి రెండో వైపు మొదలుపెట్టమన్నది అందుకే. చాలామంది అక్కడిదాకా బాగానే చేశారు.

రెండో వైపు రుద్దినప్పుడు బర్ ఊడిపోతుందనుకున్నారు. ఊడదు, ఇటు వైపుకి వంగుతుంది. మళ్ళీ తిప్పితే అటు వంగుతుంది. మధ్యలో ఎప్పుడో అది నిటారుగా నిలబడుతుంది. అలా నిలబడినప్పుడు దానంత సన్నటి అంచు ఇంకోటి ఉండదు. కాగితం తెగుతుంది, చేతి వెంట్రుకలు కూడా తెగుతాయి. మీరు వీడియో తీసి నాకు పంపేది సరిగ్గా ఆ క్షణంలోనే! తర్వాత కత్తి పదిసార్లు చెక్క మీద పడేసరికి ఆ సన్నటి రేకు పక్కకి ఒరిగిపోతుంది, లేదా తుంపులు తుంపులుగా రాలిపోతుంది. దాని కింద మిగిలేది మొండి అంచు. కాగితం తెగింది కాబట్టి పదును వచ్చేసిందనుకోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే పొరపాటు. ఎందుకంటే అంత కష్టపడ్డాక మనిషి తన చేతిని అనుమానిస్తాడు, రాయిని మారుస్తాడు, చివరికి పని వదిలేస్తాడు.

కాగితం పరీక్ష చెయ్యండి, కానీ రెండుసార్లు చెయ్యండి. ఒకసారి కోశాక, కత్తి బరువు తప్ప వేరే బలం పెట్టకుండా చెక్క పలక మీద అంచుని ఐదారుసార్లు నడిపించి, మళ్ళీ అదే కాగితం కోయండి. రెండోసారీ మొదటిసారిలాగే తెగితే అది పదును. ఎక్కడైనా పట్టేసి చిరిగితే అక్కడ బర్ ఉండిపోయింది.

ఇంకా రెండు విధాల కనిపెట్టొచ్చు. బొటనవేలి మెత్తటి భాగాన్ని కత్తి వెన్ను వైపు నుంచి అంచు దాటేలా బయటికి జార్చండి. అంచు వెంబడి ఎప్పుడూ జార్చకండి, తెగుతుంది. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు గోరు మీద గరుకులాగా ఏదో పట్టుకుంటే అదే బర్. వేలికి తెలియనంత చిన్నదైతే దూదితో చూడండి. అంచు పక్కనుంచి దూది తుడిస్తే పోగులు చిక్కుకుంటాయి. నాకు అలవాటైన పద్ధతి వెలుతురు. ట్యూబ్‌లైట్ కింద కత్తిని అంచు పైకి పెట్టి పట్టుకుని మెల్లగా ఊపితే, సరైన వాదర అసలు కనిపించదు. ఎక్కడ తళుక్కుమంటే అక్కడ పని మిగిలి ఉంది.

తీసెయ్యడం ఎలా? ఒక్కటే సూత్రం: బరువు తగ్గిస్తూ పోవాలి. ఎంత తగ్గించాలో మాటల్లో చెబితే తెలియదు కాబట్టి ఇలా చెయ్యండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద తడిగుడ్డ, దాని మీద రాయి పెట్టి సున్నా చెయ్యండి. ఇప్పుడు మామూలుగా రుద్దండి. అంకె కిలోకి అటూఇటూ ఉంటుంది. బర్ లేపడానికి అది సరే. తర్వాత వైపుకి ఐదుసార్లు చొప్పున అరకిలో, ఆ తర్వాత మూడుసార్లు చొప్పున పావుకిలో. చివరగా ఒక్కొక్క వైపు ఒక్కసారి, మార్చి మార్చి, పదిసార్లు. అప్పుడు త్రాసు మీద వంద గ్రాములు దాటకూడదు. ఈ ఆఖరి పదిసార్లూ అంచు ముందుకి వెళ్ళాలి, రాయి మీది నుంచి పలచటి పొర తీస్తున్నట్టు. వెనక్కి లాగితే బర్ మళ్ళీ సాగుతుంది. పావుకిలో అంటే ఎంత తేలికో త్రాసు చూస్తేగానీ నమ్మరు. నేనూ అలాగే నమ్మాను.

ఆ తర్వాత నేను మెత్తటి చెక్క ముక్క అంచుకి కత్తిని ఒకసారి తేలిగ్గా నడిపిస్తాను. వేలాడుతున్న తుంపు ఏదైనా ఉంటే చెక్క లాగేస్తుంది. మళ్ళీ రాయి మీద రెండే రెండు తేలికపాటి రుద్దులు. ఆఖరికి పాత తోలు బెల్టు గరుకు వైపు మీద వెనక్కి లాగుతూ పదిసార్లు. బెల్టు లేకపోతే రాయికి దినపత్రిక కాగితం చుట్టండి. కానీ బర్ పోకుండానే బెల్టు మీదికి వెళ్ళకండి. బెల్టు దాన్ని తియ్యదు, నిలబెడుతుంది, మళ్ళీ మొదటికే వస్తాం.

హార్డ్‌వేర్ కొట్లో దొరికే రెండు వైపుల కార్బొరండం రాయి వాడేవాళ్ళకి ఈ ఇబ్బంది ఎక్కువ. చెన్నైలో ఆ పేరు తెలియని కొట్టు ఉండదు, 1954లో మొదలైన కార్బొరండం యూనివర్సల్ ఇక్కడి కంపెనీయే. గట్టి రాయి, త్వరగా అరగదీస్తుంది. కానీ దాని నున్నటి వైపు కూడా సాధారణంగా 1000 గ్రిట్ అంత నున్నగా ఉండదు (గ్రిట్ అంటే రాయి నునుపుకి కొలత, అంకె పెరిగేకొద్దీ నున్నన). గరుకు రాయి పెద్ద బర్ లేపుతుంది. కాబట్టి దానితో పని మొదలుపెట్టినా 1000 గ్రిట్ రాయి మీదే ముగించండి. 6000 గ్రిట్ దాకా పోవద్దు. మాంసం పోగుని పట్టుకోవడానికి అంచులో కాస్త గరుకుండాలి. అద్దంలా మెరిసే అంచు కండ మీద జారడం నేను చాలాసార్లు చూశాను.

మా పెరంబూరు వీధుల్లో చక్రం తీసుకుని “సాణై” అని కేకేస్తూ ఒకాయన వస్తారు. మన సాన, తమిళుల సాణై ఒకటే మాట. ఆయనకి కత్తి ఇవ్వొచ్చా అని అడిగారు. ఎముకలు కొట్టే కత్తి ఇవ్వండి, ఆ పని ఆయన బాగా చేస్తారు. పలచటి కోత కత్తి మాత్రం ఇవ్వకండి. పొడి చక్రం మీద సన్నటి అంచు క్షణంలో వేడెక్కుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, తర్వాత ఎన్నిసార్లు నూరినా పదును నిలవదు. లాగితే పదునొస్తుందని అమ్మే వీ ఆకారపు డబ్బాలు నా ఇంట్లో ఉండవు. అవి అంచుని నూరవు, చీరుతాయి.

ఒక తమ్ముడు పంపిన ఫోటో గురించి కూడా చెప్పాలి. కొత్త కత్తిని 15 డిగ్రీలకి అద్భుతంగా నూరాడు, బర్ కూడా తీశాడు. అదే కత్తితో నల్లి ఎముక కొట్టాడు. వాదర మీద మూడు చోట్ల పన్ను ఊడినట్టు పెచ్చులు లేచాయి. ఇది నూరడంలో తప్పు కాదు, కత్తిని ఎంచుకోవడంలో తప్పు. రెండో పాఠంలో చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను: మాంసం ఇంట్లో కోసేవాళ్ళకి రెండు కత్తులు కావాలి. కోతకి ఎనిమిది నుంచి పది అంగుళాల పొడుగు, వెన్ను దగ్గర రెండు మిల్లీమీటర్ల మందం ఉన్నది. ఎముకకి బరువైన చాపర్, దానికి 25 డిగ్రీలు, అంటే వెన్ను ఎత్తు అలుగు వెడల్పులో సగానికి కాస్త తక్కువ. ఎముక పని మటన్ కొట్టులోనే చేయించుకుంటే ఇంకా మంచిది. వాళ్ళ దగ్గర చింత మొద్దు ఉంటుంది, మన గ్రానైట్ గట్టు దానికి సాటిరాదు. గ్రానైట్ మీద, స్టీల్ పళ్ళెంలో కోస్తే ఈ పాఠంలో చేసిందంతా ఒక్క పూటలో పోతుంది.

కొనేటప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. అలుగుకి అంటుకోకపోతే అది గిన్నెలు చేసే రకం స్టీలు, గట్టిపడదు, వదిలెయ్యండి. అంటుకున్నంత మాత్రాన మంచిదని కాదు, కానీ జల్లెడ పట్టడానికి పనికొస్తుంది. కార్బన్ స్టీలు కత్తికి పదును త్వరగా వస్తుంది, నాకు ఇష్టమే. కానీ ఈ సముద్రపు గాలిలో రాత్రి సింకులో వదిలితే పొద్దుటికి తుప్పు మచ్చలు కనిపిస్తాయి. కడిగి, తుడిచి, ఒక చుక్క నూనె రాయగలిగితేనే కొనండి.

ఈసారి అభ్యాసం కాస్త ఎక్కువే. ఇంట్లో పక్కన పడేసిన పాత కత్తి తీసుకోండి, మంచిది వద్దు. వరసగా మూడు సాయంత్రాలు మొదటి నుంచి చివరి దాకా నూరండి. మొద్దు చెయ్యడానికి గాజు గ్లాసు అడుగున నాలుగుసార్లు గీస్తే చాలు. ప్రతిసారీ బర్ ఎప్పుడు లేచింది, త్రాసు మీద ఆఖరి అంకె ఎంత, చెక్క మీద నడిపాక కాగితం ఎలా తెగింది అని నోట్‌బుక్‌లో రాయండి. మూడో రోజు సబ్బుతో కత్తి బాగా కడిగి, తోలుతో ఉన్న చికెన్ తొడ కోయండి. తోలు కత్తి కింద జరగకుండా ఒక్క లాగుకి తెగాలి.

అది కుదిరినవాళ్ళు ఒట్టి తునకలకి, అంటే ఎండబెట్టే మాంసం ముక్కలకి, ప్రయత్నించండి. తమిళుల ఉప్పుకండం కూడా ఇలాంటిదే. అరకిలో మటన్ తొడ కండని ముప్పావు గంట ఫ్రీజర్‌లో పెట్టి, బయట గట్టిపడి లోపల ఇంకా మెత్తగా ఉన్నప్పుడు తియ్యండి. వేపుడుకైతే పోగుకి అడ్డంగా కోస్తాం, నమలడానికి మెత్తగా ఉంటుంది. తునకలు దండెం మీద వేలాడాలి కాబట్టి మా ఇంట్లో పోగు వెంబడి, జానెడు పొడుగు రిబ్బన్లుగా కోస్తాం. ముందుకీ వెనక్కీ రంపంలా కోయకండి, మడమ నుంచి మొన దాకా ఒకటే లాగు. రిబ్బన్ మధ్యలో మందం మారితే ఆ చోట కత్తి ఆగిందన్నమాట. అంచులో సరిగ్గా ఆ భాగాన్నే ట్యూబ్‌లైట్ కింద చూసి, ఫోటో నాకు పంపండి.

రాయి మధ్యలో గుంట పడినవాళ్ళు వచ్చే పాఠంలోగా చదును చేసుకోవాలి. రాయి మీద పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, చదునైన గట్టు మీద తడి ఎమరీ పేపర్ పరిచి, గీతలన్నీ చెరిగిపోయేదాకా రుద్దండి.