పాప వీసా ఐదేళ్లుంది కదా అనుకునేవాళ్లకి

మొన్న జూలైలో ఒడిశాలోని మా బరంపురంలో పక్కింటి మామ్మగారు, పదకొండు నెలల మనవరాలిని అమెరికాలో తల్లిదండ్రుల దగ్గర దింపడానికని బయల్దేరి, ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి వచ్చేశారు. కౌంటర్లో పిల్ల పాస్‌పోర్టు తిరగేసి, "ఆరు రోజులు ఎక్కువ ఉంచేశారమ్మా" అన్నారట. ఈవిడ ఈ-వీసా ప్రింటు చూపించి, "ఐదేళ్లుంది కదండీ!" అన్నారట.

ఉంది. కానీ ఆ ఐదేళ్లు రాకపోకలకి. ఉండటానికి కాదు. అమెరికా పాస్‌పోర్టున్న బిడ్డ ఈ-టూరిస్ట్ వీసా మీద వస్తే ఏడాదికి 180 రోజులకి మించి ఉండకూడదు. ఆ పాప జనవరి 5న దిగింది. 180 రోజులంటే జూలై 3. వీళ్లేమో "ఎలాగూ ఉన్నాం, రథయాత్ర, బహుడా (తిరుగు రథయాత్ర) చూసుకుని వెళ్దాం" అని జూలై 9కి టికెట్ తీశారు. 180 రోజులంటే ఆరు నెలలే కదా అని వేళ్ల మీద లెక్కేసినా తప్పుతుంది: జనవరి 5 నుంచి ఆరు నెలలంటే జూలై 5 వస్తుంది, అప్పటికే రెండు రోజులు దాటిపోయినట్టు. నెలలు కాదు, రోజులు లెక్కపెట్టండి. క్యాలెండర్ ముందు పెట్టుకుని, పాస్‌పోర్టులో ముద్ర పడ్డ రోజుని ఒకటిగా వేసుకుని లెక్కపెట్టండి.

తర్వాత ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) సైట్లో దరఖాస్తు పెట్టి, జరిమానా కట్టి, ఎగ్జిట్ పర్మిట్ (దేశం దాటి వెళ్లడానికి అనుమతి) వచ్చాకే పాప కదిలింది. టికెట్ డబ్బులు పోయాయి. ఈ-టూరిస్ట్ వీసాని ఇక్కడ పొడిగించరు, కాబట్టి "దగ్గరపడ్డాక చూద్దాం" అన్నమాట పనికిరాదు.

బిడ్డని ఏడాదో రెండేళ్లో తాతయ్యల దగ్గర ఉంచాలనుకుంటే బయల్దేరకముందే, అక్కడే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చేది) తీయించండి. తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైనా అర్హత ఉంటుంది. కార్డు చేతికొచ్చేదాకా ఆగలేమంటే ఎంట్రీ వీసా అడగండి, దాన్ని ఇక్కడ పొడిగించమని కోరవచ్చు. టూరిస్ట్ వీసా మీద వచ్చి "బరంపురంలోనే కూర్చుని ఓసీఐ పెట్టేద్దాం" అంటే కుదరదు, తీసుకోరు.

పాస్‌పోర్టు సంగతి. చిన్నపిల్లలకి అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. ఇక్కడ ఉండగా గడువు తీరితే కొత్తది తీయించాలి. ఒడిశా మొత్తం హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ కిందికి వస్తుంది. అంటే ఫలక్‌నుమా రైలు ఎక్కాల్సిందే, బిడ్డతో సహా. పదహారేళ్లలోపు వాళ్లకి తల్లీతండ్రీ ఇద్దరూ రావాలి. ఒకరు అమెరికాలో ఉండిపోతే బిడ్డ పాస్‌పోర్టుకి సమ్మతమేనని చెప్పే డీఎస్-3053 ఫారం మీద నోటరీ సంతకం పంపాలి. దాని ఆయుష్షు మూడు నెలలు, ముందే తెప్పించి బీరువాలో దాచుకుంటే లాభం లేదు.

మిగతావి వరసగా రాసేస్తున్నా.

జనన ధ్రువపత్రం కాపీలు మూడు, అందులో ఒకటి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించి తెచ్చుకోండి. ఇక్కడి నుంచి తెప్పించుకోవాలంటే నెలలు తినేస్తుంది.

అమ్మమ్మో నానమ్మో ఒక్కరే తీసుకొస్తుంటే తల్లిదండ్రులిద్దరి సంతకాలతో నోటరీ చేసిన అనుమతి పత్రం ఉండాలి. వైద్యం చేయించడానికి కూడా మా అనుమతి ఉందని అందులోనే రాయించండి.

తేదీలు వాట్సాప్‌లో 07/03 అని పంపొద్దు. కొడుకు జూలై 3 అనుకుని రాస్తాడు, తాతగారు మార్చి 7 అని చదువుతారు. నెల పేరు రాయండి.

పాస్‌పోర్టు కొత్తది వచ్చినా, వీసా ఉన్న పాతది పారేయొద్దు. రెండూ తీసుకెళ్లండి.

టీకాల కార్డు అసలు, ఫొటో, రెండూ.

ఇక్కడే పుట్టినట్టు ఇంకో జనన ధ్రువపత్రం తీస్తామనే ఏజెంటుని గుమ్మం తొక్కనివ్వొద్దు. ఒక బిడ్డకి రెండు పుట్టుకలుండవు. రెండు పౌరసత్వాలు మన దేశం ఒప్పుకోదు. పట్టుబడితే కేసు.

పుట్టువెంట్రుకలు తారాతారిణి గుడిలో తీయిస్తారా, చైత్రం దాకా ఆగుతారా, అన్నీ టికెట్ తీయకముందే తేల్చుకోండి. ముహూర్తం కోసం టికెట్ జరిపేముందు రోజులు లెక్కపెట్టండి. పండగ కోసం జరిపినా లెక్కపెట్టండి. పిల్లకి జ్వరమొచ్చి జరిపితే డాక్టరు కాగితం తీసుకుని, గడువు దాటకముందే ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో రాయండి.

ఆఖరి రోజు ఏదో ఫ్రిజ్ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి అంటించండి. మామ్మగారింట్లో ఇప్పుడు అంటించి ఉంది.