ప్లేయర్‌కు తగిన కారు స్టీరియో

అమలాపురం నుంచి రాజమహేంద్రవరం దాకా పాత ఐపాడ్‌లోని పాటలు వింటూ వెళ్లాలనుకునేవారు స్టీరియో ధర అడిగే ముందు తమ ప్లేయర్‌కు ఏ కనెక్టర్ ఉందో చూసుకోవాలి. 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ కేబుల్ హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ప్రతి ప్లేయర్‌కూ సరిపోతుంది గాని, పాట మార్చాలంటే ప్లేయర్‌నే చేతిలోకి తీసుకోవాలి. ఇరుకైన కాలువగట్టు మీద అది ఎంతమాత్రం క్షేమం కాదు. యూఎస్‌బీతో కలిపితే ఛార్జింగ్ కూడా అవుతుంది, అయితే పెన్‌డ్రైవ్‌ను చదివే స్టీరియోలన్నీ ఐపాడ్‌ను చదవవు కనుక దుకాణంలోనే మీ ప్లేయర్ పెట్టి, పాటల పేర్లు తెర మీద కనిపిస్తున్నాయో లేదో పరీక్షించాలి. 2012లో ఆపిల్ 30 పిన్నుల కనెక్టర్‌కు బదులు లైట్నింగ్‌ను తెచ్చింది. పాత కేబుల్ కొత్తదానికి పట్టదు. బ్లూటూత్ సుఖమే, ప్లేయర్‌లో ఉంటే. డ్యాష్‌బోర్డు ఖాళీ ఎత్తు సుమారు 50 మిల్లీమీటర్లయితే సింగిల్ డిన్ అనే ప్రామాణిక సైజు స్టీరియో, 100 అయితే దానికి రెట్టింపు ఎత్తుండే డబుల్ డిన్ పడుతుంది. పెట్టె మీది గరిష్ఠ వాట్లను కాక, ఆర్‌ఎంఎస్ అంకెనే, అంటే స్టీరియో ఆగకుండా ఇవ్వగల వాట్లనే చూడాలి.