తెల్లవారుజామున తేదీ తప్పుతోందా? సర్వర్ గడియారం చూడండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల కోసం ఒక చిన్న వెబ్ అప్లికేషన్ నడుపుతున్నాను. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. అందుకే రైతులు నాలుగింటికే కొలిచి నమోదు చేస్తారు. ఆ అంకెలన్నీ నిన్నటి తేదీ కింద చేరుతున్నాయని ఒక రైతు చెప్పేదాకా నేను గమనించలేదు. పంటను కాపాడే లెక్క అది, తప్పకూడదు.

క్లౌడ్ సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. అర్ధరాత్రి నుంచి ఉదయం 5.30 వరకు మనకు కొత్త రోజు, సర్వర్‌కు ఇంకా పాత రోజే. పగటిపూట ఎంత పరీక్షించినా ఈ తప్పు కనబడదు.

డేటాబేస్‌లో సమయాన్ని యూటీసీలోనే ఉంచండి. రోజువారీ లెక్క కట్టేటప్పుడు, తెరపై చూపేటప్పుడు మాత్రం ‘ఆసియా/కోల్‌కతా’ టైమ్‌జోన్‌కు మార్చండి. సర్వర్ గడియారాన్నే మార్చేయడం నాకు నచ్చదు. వేరే సర్వర్‌కు వెళ్లిన రోజు కథ మళ్లీ మొదటికి వస్తుంది. చెప్పిన వేళకు పనులను వాటంతటవే నడిపే హెరోకు షెడ్యూలర్, వెర్సెల్ క్రాన్ కూడా యూటీసీనే పాటిస్తాయి. ఉదయం 6 గంటలకు రైతుకు నివేదిక అందాలంటే అక్కడ 00:30 అని పెట్టాలి.